తెర మీది తురకలు – నేల టికెట్టు తురకలు

2020లో కరోనా కోసమని వేసిన తాళాలు కొన్ని సినిమా హాళ్ళకు మళ్ళీ తియ్యలేదు. ఆ ఏడాది చివర హైదరాబాద్ పత్రికల్లో వచ్చిన పేర్లలో నారాయణగూడ శాంతి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ శ్రీమయూరి ఉన్నాయి. నగరానికి పడమటి కొసన ఉన్న మెహదీపట్నం అంబా, టోలీచౌకీ గెలాక్సీ ఉన్నాయి. పేరు పత్రికలకెక్కకుండానే పోయిన శివారు టాకీసులు అంతకు ముందూ ఉన్నాయి, ఆ తర్వాతా ఉన్నాయి. కొన్ని ఫంక్షన్ హాళ్ళయ్యాయి. కొన్ని గోదాములయ్యాయి. కొన్ని ఏమీ కాకుండా, గోడ మీది చివరి పోస్టరు వానకు నాని, ఎండకు పెళుసెక్కి, అట్లాగే నిలబడి ఉన్నాయి.

ఒక హాలు మూతబడగానే జ్ఞాపకాలు పుట్టుకొస్తాయి. అవి దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. మొదటి రోజు మొదటి ఆట, కౌంటరు దగ్గర చిరిగిన చొక్కా, తెర మీదికి విసిరిన చిల్లర, ఇంటర్వెల్లో సమోసా. చివర్న ఒక మాట తప్పకుండా ఉంటుంది: కులం లేదు, మతం లేదు, చీకట్లో అందరం ఒక్కటే అని. మాకు పేచీ ఆ ‘అందరం’ దగ్గరే. ఆ మాట రాసినవాళ్ళు చీకట్లో తమ పక్కన ఎవరు కూచున్నారో చూసుకోలేదు. చూసుకుని ఉంటే టాకీసు ఒక్క రోజులో మూతబడలేదని తెలిసేది. అది విడతలు విడతలుగా మూతబడింది. ఒక్కో విడతలో మాలో కొందరు బయట మిగిలిపోయారు. 2020లో పడింది ఆఖరి తాళం మాత్రమే.

‘మేము’ అంటే ఎవరమో ముందే చెప్పుకోవాలి. మెహదీపట్నం నుంచి లంగర్‌హౌజ్, టోలీచౌకీ దాకా, గోల్కొండ కోట నీడన ఉన్న బస్తీల్లో బతికిన ముస్లింలం. ఆటో తోలినవాళ్ళం, పంక్చర్లు వేసినవాళ్ళం, సున్నాలు కొట్టినవాళ్ళం, జరీ కుట్టినవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు అయినవాళ్ళం కొందరం. జిల్లాల నుంచి వచ్చి ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకులవాళ్ళం కొందరం. నవాబుల వారసులం కాము. తురకోళ్ళని ఊరు పిలిచింది, ఆ పిలుపులోని వెటకారం మాకు తెలుసు. తెలిసే ఆ పేరు ఇక్కడ రాస్తున్నాం. మేం చూసిన టాకీసు పేరు మాత్రం రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క హాలు కథ కాదు. శివారుల్లో ఉన్న ప్రతి హాలుకూ కొంచెం అటూ ఇటూగా ఇదే కథ.

ఆ హాలు ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. చెప్పకపోతే పోయిందేమిటో అర్థం కాదు.

ముందు నేల, తర్వాత బెంచి, తర్వాత కుర్చీ, పైన బాల్కనీ. హాలంటేనే ఒక చిన్న ఊరు. ఊళ్ళో ఎవరెక్కడుంటారో హాల్లోనూ అక్కడే. నేల మీద మా పక్కన మాల మాదిగలుండేవారు. పాలమూరు నుంచి మట్టి పనికొచ్చిన కూలీలుండేవారు, లంబాడీలుండేవారు. కంటోన్మెంటు నుంచి సెలవు రోజున వచ్చిన జవానులు బెంచీలో కూచునేవారు. తెలుగు సినిమాకు మేం మాట విని నవ్వేవాళ్ళం, హిందీ సినిమాకు వాళ్ళు పక్కవాడిని అడిగి నవ్వేవారు. ఆ పక్కవాడు చాలాసార్లు మేమే. అనువాదం అనే పని మేం నేర్చుకున్నది అక్కడ. డైలాగు తెర మీద పడగానే దాన్ని తెలుగు చేసి చెవిలో చెప్పాలి. తర్వాతి డైలాగు తప్పిపోకూడదు.

ఆ హాల్లో మేం ప్రేక్షకులం మాత్రమే కాదు, పనివాళ్ళం కూడా. హోర్డింగు మీద హీరో ముఖానికి రంగు పూసిన చెయ్యి మాది. తెల్లవారుజామున మైదా జిగురు డబ్బాతో గోడలకు పోస్టర్లు అంటించిన సైకిలు మాది. ప్రొజెక్టరు గదిలో చాచా మావాడే. రెండు వేల అడుగుల రీలు తిరగడానికి ఇరవై రెండు నిమిషాలు. కార్బన్ కడ్డీలు మండుతూ అరుగుతుంటాయి, వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండకపోతే బొమ్మ మసకబారుతుంది. మ్యాట్నీ నడుస్తుండగా అసర్ వేళయితే, కడ్డీల మీద కన్నేసి ఉంచమని కుర్రాడికి చెప్పి, ఒక రీలు లోపల నమాజు ముగించుకొచ్చే చాచాలుండేవారు. మతమూ వినోదమూ ఎప్పుడూ కొట్టుకుంటాయని ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు ఆ ఇరవై రెండు నిమిషాల గురించి తెలియదు.

హాలు క్యాలెండరులో మా క్యాలెండరు కలిసి ఉండేది. రంజాన్ నెలంతా ఫస్ట్ షో వెలవెలబోయేది. ఇఫ్తార్, ఆ వెంటనే తరావీహ్, ఎవరొస్తారు? ఈద్ రోజు మాత్రం కొత్త బట్టల అత్తరు వాసనతో నాలుగాటలూ నిండిపోయేవి. శివారు టాకీసు యజమాని ఏ మతంవాడైనా షవ్వాల్ నెలవంక కోసం మాతోపాటు ఆకాశం చూసేవాడు. దానికి లౌకికవాదమని పేరు పెట్టనక్కర లేదు. అది వ్యాపారం. కానీ మా పండుగ తెలియకపోతే తన వ్యాపారం సాగదని ఒకడు అనుకోవడం చిన్న సంగతి కాదు. ఇవాళ ఎన్ని వ్యాపారాలకు ఆ అవసరం ఉంది?

హోర్డింగు మీద సినిమా పేరు తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఉండేది. హిందీ సినిమాల టైటిళ్ళలోనూ ఉర్దూ లిపి పడేది. మా బస్తీల్లో మదర్సా మొహం చూడనివాళ్ళు, బడి మధ్యలో మానేసినవాళ్ళు ఆ పెద్ద అక్షరాల దగ్గర అలీఫ్, బే, పే కూడబలుక్కున్నారు. తర్వాత్తర్వాత హోర్డింగుల మీద ఆ మూడో లిపి సన్నబడి, కింది మూలకు జరిగి, ఒకరోజు లేకుండా పోయింది. ఎప్పుడు పోయిందని ఎవరూ అడగలేదు. అడగడానికి అదేమైనా హీరో పేరా!

*

ఇక తెర సంగతి. తెర మమ్మల్ని చూపించలేదని చాలామంది రాశారు. అది సగం నిజం. తెర మమ్మల్ని చాలా చూపించింది. మాకు మేం గుర్తుపట్టలేని వేషాల్లో చూపించింది.

మొదట సింహాసనం. 1955 తెలుగు ‘అనార్కలి’లో ఎస్వీ రంగారావు అక్బరు, నాగేశ్వరరావు సలీం. 1978లో ఎన్టీ రామారావు తానే అక్బరై ‘అక్బర్ సలీం అనార్కలి’ తీశాడు. ఆ అక్బరులు ఎంత నిండు తెలుగు మాట్లాడారు! అదే తెలుగు తెర మీద గల్లీలోంచి ఒక సాయిబు వస్తే వాడి నోట్లో తెలుగు ముక్కలైపోయేది. ఆడా మగా తేడా తెలియదు, ఒకటీ రెండూ తేడా తెలియదు. వాడు నోరు విప్పితే చాలు హాలు నవ్వాలి. తురక రాజైతే భాష వస్తుంది, పేదవాడైతే రాదు. దీన్ని మేం భాష సమస్య అనుకోవడం లేదు. బాదుషాను చచ్చిపోయాడు కాబట్టి గౌరవించవచ్చు. పక్కింటి సాయిబు బతికే ఉన్నాడు.

హిందీ తెరది ఇంకో దారి. ‘చౌదహ్వీ కా చాంద్’ (1960), ‘మేరే మెహబూబ్’ (1963), ‘పాకీజా’ (1972). షేర్వాణీలు, షాయిరీలు, పల్చటి పర్దా వెనక కళ్ళు. ఆ ఉర్దూ విని మేం మురిసిపోయిన మాట నిజమే. అయితే అది లక్నో ఉర్దూ. మా ‘హౌ’లు, ‘నక్కో’లు, ‘కైకూ’లు ఆ హవేలీల గుమ్మం తొక్కలేదు. మా దక్కనీ హిందీ తెర మీద గట్టిగా వినబడింది మెహమూద్ నోట. 1965 ‘గుమ్నామ్’లో అతను వంటవాడూ నౌకరూ అయిన బట్లరు. నవాబుకు లక్నో భాష, నౌకరుకు మా భాష. ఇటు తెలుగు తెర అదే కాలంలో తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ అంటగట్టింది. తెలంగాణ ఉద్యమం ఆ అవమానాన్ని పట్టుకుని నిలదీసింది, నిలదీయాల్సిందే. కానీ తెలంగాణ తెలుగును వెక్కిరించినప్పుడు ఎగతాళి అయిన మాటల్లో సగం ఉర్దూ మాటలే. ఆ రెండు అవమానాలకూ తల్లి ఒక్కతే. ఈ సంగతి మేం చెప్పాల్సినంత గట్టిగా ఉద్యమమూ చెప్పలేదు, మా పెద్దలూ చెప్పలేదు.

మూడో వేషం స్నేహితుడిది. 1973 ‘జంజీర్’లో ప్రాణ్ వేసిన షేర్ ఖాన్, మరుసటేడు తెలుగు ‘నిప్పులాంటి మనిషి’లో కైకాల సత్యనారాయణ వేసిన షేర్ ఖాన్. ఆ పాత్ర వచ్చినప్పుడల్లా మా నేల క్లాసు లేచి నిలబడేది. ఎర్ర గడ్డం, పఠాను ఠీవి, మాట మీద నిలబడే మనిషి. తెర మీద మావాడు కూడా మొనగాడే అని మా సంబరం. కానీ ఆ షేర్ ఖాన్‌కు ఇల్లుందా, పెళ్ళాం పిల్లలున్నారా, వాడు అద్దె ఎంత కడతాడు, వాడికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? తెర చెప్పదు. వాడి బతుకంతా హీరోకు స్నేహితుడిగా ఉండడమే. మంచి ముస్లిం అంటే ఎవరన్న ప్రశ్నకు తెర ఆనాడే జవాబు రాసిపెట్టింది: తన కోసం కాక ఇంకొకరి కోసం బతికేవాడు.

నాలుగోది అన్నింటికన్నా ముద్దొచ్చేది. 1977 ‘అమర్ అక్బర్ ఆంథోనీ’, తెలుగులో 1980 నాటి ‘రాం రాబర్ట్ రహీం’. ముగ్గురన్నదమ్ములు మూడు మతాల్లో పెరుగుతారు. మత సామరస్యానికి ఇంతకన్నా మంచి కథ లేదని లౌకికవాద మిత్రులు ఇప్పటికీ చెబుతారు. ఆ సినిమా మాకూ ఇష్టమే, కవ్వాలీ వస్తే మేమూ ఈల వేశాం. అయినా ఒక్క మాట అడుగుతాం. ఆ అక్బరు, ఆ రహీం ముస్లిం కడుపున పుట్టలేదు. పెంపకం ముస్లింది, రక్తం హిందువుది. ఆఖరికి అందరూ ఒకే తల్లి దగ్గరికి చేరతారు, ఆ తల్లి మా తల్లి కాదు. ముస్లిం ఎవరికో తప్పిపోయిన బిడ్డగా ఉంటే తప్ప, ముస్లిం తల్లికే పుట్టిన ముస్లిం ఈ ఇంటివాడు కాలేడా?

ఇన్ని చెప్పాక 786 సంగతి చెప్పకపోతే అన్యాయం. 1975 ‘దీవార్’లో రేవు కూలీ రహీం చాచా విజయ్‌కు ఇచ్చిన బిళ్ళ మీద ఆ అంకె ఉంటుంది. 1983 ‘కూలీ’లో ఇక్బాల్ చేతికట్టు మీద అదే అంకె. ‘కూలీ’ ఒక్కటే మాకు దక్కిన మినహాయింపు. అమితాబ్ ముస్లిం. స్నేహితుడు కాదు, హీరోనే. ఒళ్ళొంచి బరువులు మోసేవాడు. ఆ రోజుల్లో మా బస్తీలో స్టేషను కూలీలు తమ బిళ్ళను తుడుచుకుని మెరిపించుకునేవారు. తెర మీద మా పని కనబడింది. మా పని కనబడితే మాకు మేం కనబడినట్టే.

ఇక్కడ మేం చెప్పదలచుకున్న విమర్శ ఇది. సినిమాను విమర్శించేవాళ్ళు తెరను చదివారు గానీ హాలును చదవలేదు. ఆ వేషాలన్నిటినీ మేం నోరు మూసుకుని మింగలేదు. సాయిబు నత్తి తెలుగుకు హాలు నవ్వుతుంటే నేల క్లాసులోంచి ఒక గొంతు అచ్చమైన తెలుగులో బూతు తిట్టేది, అప్పుడు ఇంకా పెద్ద నవ్వు లేచేది. నవ్వు ఎటునుంచి ఎటు తిరిగిందో అందరికీ తెలిసేది. నవాబుగారు పర్దా ముందు కన్నీళ్ళు కారుస్తుంటే, ముందు బాకీ కట్టవయ్యా అని మావాళ్ళే అరిచేవారు. ఇంటర్వెల్లో ఇరానీ హోటల్లో సగం చాయ్ సాసరులో పోసుకుని సినిమాను ముక్కలు ముక్కలుగా కోసేవాళ్ళం. 1979లో ‘మా భూమి’ వచ్చినప్పుడు దాని మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ అని ఒకరు చెబితే, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు 1940లో చంపిన కామారెడ్డిగూడెం బందగీ పేరు ఇంకొకరు చెప్పారు. తెర చెప్పని చరిత్రను చాయ్ బల్ల చెప్పింది. విమర్శ పత్రికల్లో మొదలవ్వలేదు. ఎదురు మాట్లాడటానికి పక్కన మనుషులున్న చోట మొదలైంది.

*

ఇప్పుడు విడతల సంగతి.

మొదటి తలుపు మూసుకున్నది మా ఆడవాళ్ళ మీద. లేడీసుకు వేరే కిటికీ, వేరే వరుస, కొన్ని హాళ్ళలో అడ్డంగా పర్దా. బాల్కనీకి పోలేని అమ్మీలు, ఖాలాలు, ఫూఫూలు బుర్ఖాల్లో గుంపుగా మ్యాట్నీకి వచ్చేవారు. చంకలో పిల్లలు, సంచిలో టిఫిను. ఇంట్లోంచి ఎవరి తోడూ లేకుండా వాళ్ళు పోగలిగిన చోట్లు చాలా తక్కువ, వాటిలో టాకీసు ఒకటి. 1982లో ‘నికాహ్’ వచ్చింది. కోపంలో మగాడు మూడుసార్లు అనే మాట మీద సినిమా అది. ఆ వారమంతా మా గల్లీలో నల్లాల దగ్గర తలాఖ్ మీద జరిగిన వాదన ఏ సదస్సులోనూ జరగలేదు. ఆ ఏడాదే వచ్చిన ‘బాజార్’ హైదరాబాద్ కథ. గల్ఫ్ డబ్బుకు పేదింటి పిల్లను పెళ్ళి పేరుతో అమ్మే కథ. అది చూసొచ్చిన ఆడవాళ్ళు కొందరు రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. వాళ్ళకు తెలిసిన పిల్లల పేర్లు వాళ్ళకున్నాయి.

ఆ గల్ఫ్ డబ్బే మా ఇళ్ళలోకి వీసీఆర్ తెచ్చింది. మొదట అదొక పండుగ. గల్లీ అంతా ఒక ఇంట్లో చేరి రాత్రికి మూడు సినిమాలు చూసేది. తర్వాత మగవాళ్ళకు ఒక మాట దొరికింది: ఇంట్లోనే సినిమా ఉండగా మీకు టాకీసెందుకు? ఆడవాళ్ళ వరుస పలచబడింది, ఆడవాళ్ళ కిటికీకి చెక్క కొట్టారు. టాకీసు మూతబడక ముందు ముప్పై అయిదేళ్ళ నాడే మా ఆడవాళ్ళకు టాకీసు మూతబడింది. వాళ్ళు సినిమా పోగొట్టుకోలేదు, అది టీవీలో దండిగా దొరికింది. ఇల్లు దాటే సాకును పోగొట్టుకున్నారు. కలిసి నడిచివెళ్ళే ఆ మైలు దూరాన్ని పోగొట్టుకున్నారు. సినిమా హరామని, హాళ్ళు మూతబడితే మంచిదేనని ఇవాళ మైకులో చెప్పే మా పెద్దమనుషులు ఈ లెక్క కూడా చెప్పాలి. హాలుకు బదులుగా మా ఆడపిల్లలకు వాళ్ళు తెరిచిన తలుపేది? లైబ్రరీయా, మైదానమా, మసీదులో ఒక వరుసా?

రెండో తలుపు 1990 డిసెంబరులో పడింది. ఆ నెల హైదరాబాద్‌లో కత్తులు ఏం చేశాయో ఈ పుస్తకం చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర లేదు. కర్ఫ్యూ ఎత్తేశాక హాళ్ళు తెరిచారు, కానీ మనుషులు పాత చోట్ల కూచోలేదు. పాతబస్తీ నుంచి మావాళ్ళు టోలీచౌకీ వైపు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు, ఇటున్నవాళ్ళు కొందరు అటు తరలిపోయారు. ఏ హాలు ఎవరిదో జనం మనసుల్లో గీతలు పడ్డాయి. హిందీ సినిమా హాలు మాది, తెలుగు సినిమా హాలు వాళ్ళది. చెవిలో అనువాదం చెప్పించుకునే మనిషి పక్కన లేకుండా పోయాడు.

అట్లా విడిపోయిన హాల్లోకి 1992లో ‘రోజా’ వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. ‘రోజా’లో తీవ్రవాది నమాజు చేస్తుంటాడు, హీరో మండుతున్న జెండా మీద పడి ఒంటితో మంట ఆర్పుతాడు. ఒక చట్రంలో నమాజు, ఒక చట్రంలో జెండా. ఆ కత్తిరింపు మీద తేజస్విని నిరంజన 1994లో ఈపీడబ్ల్యూలో రాసిన విమర్శ పెద్ద చర్చ లేపింది. ఈ జాతి ఎవరిని కలుపుకుంటోంది అని ఆమె అడిగింది. మేం ఆ వ్యాసం తర్వాత చదివాం. హాల్లో మాకు తెలిసింది ఒక్కటే. వెనక బెంచీల్లోంచి చప్పట్లు లేచాయి. మేం కొడితే జెండాకు కొట్టినట్టా, నమాజుకు ఎదురు కొట్టినట్టా? కొట్టకపోతే ఎవరు చూస్తారు? చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్రికెట్ మ్యాచ్‌లో మా చప్పట్లతో దేశభక్తిని కొలవడం గురించి ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే ‘పుట్టుమచ్చ’లో రాశాడు. ఆ కొలబద్ద టాకీసులోకీ వచ్చింది. నేల క్లాసులో ఎప్పుడూ ఆరని గొంతు ఆ రోజు లేవలేదు. మా దృష్టిలో శివారు టాకీసు ఆ రోజు సగం మూతబడింది.

తర్వాత వచ్చినవి ఆ బాటలోనే వచ్చాయి. 1995 ‘బొంబాయి’లో పెళ్ళి చేసుకుని ఇల్లు దాటాల్సిన పిల్ల మా పిల్ల. 1999 ‘సర్ఫరోష్’లో ముస్లిం ఇన్‌స్పెక్టరు తన నిజాయితీ తాను నిరూపించుకుంటూ ఉండాలి. 2002 ‘ఖడ్గం’లో ప్రకాశ్‌రాజ్ వేసిన ఆటో డ్రైవర్ అమ్జద్ గొప్ప దేశభక్తుడు, తోబుట్టువు మాత్రం ఉగ్రవాది. ఒక్క ఇంట్లోనే మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం. మా ఆటో స్టాండులో వందమంది అమ్జద్‌లున్నారు. వాళ్ళు దేశభక్తి ఉపన్యాసాలివ్వరు, మీటరు తిప్పుకుని బతుకుతారు. ఆ మామూలు అమ్జద్ తెరకు పనికిరాడు. 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు చచ్చిపోయిందీ మావాళ్ళే, పట్టుకుపోయిందీ మావాళ్ళనే. ఆ తర్వాత నిర్దోషులని తేలినవాళ్ళకు ప్రభుత్వమే పరిహారమిచ్చింది. పోలీసులు పట్టుకున్న ఆ ముఖాలను జనం ఎందుకంత తేలిగ్గా నమ్మారు? తెర మీద అప్పటికి పదిహేనేళ్ళుగా చూసిన ముఖాలే కనుక.

న్యాయంగా ఇంకొకటీ చెప్పాలి. 2000ల నడిమి కాలంలో ‘ది అంగ్రేజ్’ వచ్చి దక్కనీని నౌకరు నోట్లోంచి తీసి గల్లీ చబుత్రా మీద కూచోబెట్టింది. ఇస్మాయిల్ భాయ్ కోతలు విని హాలంతా నవ్వింది. ఆ నవ్వు మా మీద కాదు, మాతో. ఇరవై ఏళ్ళయినా ఆ మాటలు హైదరాబాద్‌లో హిందూ ముస్లిం తేడా లేకుండా అందరి నోళ్ళలో ఉన్నాయి. తెర కావాలనుకుంటే చెయ్యగలదని చెప్పడానికి ఈ ఒక్క రుజువు చాలు.

మూడో తలుపు డబ్బుది. నేల పోయింది, బెంచి పోయింది, అంతా కుర్చీలయ్యాయి. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చింది, కార్బన్ కడ్డీల చాచా ఇంటికి పోయాడు. ఫ్లెక్సీలు వచ్చి హోర్డింగు పెయింటరు గోడలకు సున్నం కొట్టుకున్నాడు. 2003లో ప్రసాద్స్ వచ్చాక నగరంలో మల్టీప్లెక్సులు వరుస కట్టాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో మల్టీప్లెక్సు టికెట్టుకు జీఎస్టీ కాకుండా 250 రూపాయల దాకా అనుమతించింది. ఆరుగురున్న ఇంటికి అది ఎన్ని రోజుల కూలీయో లెక్క వేసుకోవచ్చు. అక్కడ గేటు దగ్గర సంచీ వెతుకుతారు. అందరివీ వెతుకుతారు, గడ్డం ఉన్నవాళ్ళవి కొంచెం ఎక్కువ సేపు వెతుకుతారు. లోపల ఎవరి నంబరు వాళ్ళది, ఎవరి సీటు వాళ్ళది. ఎదురు మాట్లాడితే పక్కవాళ్ళు ఉష్ అంటారు.

2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట ‘రజాకార్’ విడుదలైంది. రజాకార్ల దౌర్జన్యం కల్ల కాదు. దాన్ని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో వాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మావాడే. సాయుధ పోరాటానికి పాటలు కట్టిన మఖ్దూం మొహియుద్దీన్ మావాడే. పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో మావాళ్ళ మీద జరిగిన ఊచకోతను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. పాత హాల్లో అయితే ఇంటర్వెల్లో ఈ మూడు మాటలూ ఎవరో ఒకరు చాయ్ బల్ల మీద పెట్టేవారు. వినేవాళ్ళలో హిందువులుండేవారు, కాదనేవాళ్ళుండేవారు, కొట్లాట కూడా అయ్యేదేమో. ఇప్పుడు అటువంటి సినిమాను చూడదలచుకున్నవాళ్ళు ఒకచోట చూస్తున్నారు. మేం మరోచోట ఫోన్లో దాని ముక్కలు చూస్తున్నాం. తెర అదే అబద్ధం చెబుతోంది, ఎదురు మాట అనడానికి హాలు లేదు.

*

కాబట్టి మూతబడ్డ టాకీసు మీద మేం కన్నీళ్ళు కార్చడం లేదు. అది స్వర్గం కాదు. ఉక్కపోత, నల్లులు, బ్లాకు టికెట్లు, ఆడపిల్లల మీద పడే చేతులు అన్నీ అక్కడే ఉన్నాయి. దాన్ని మళ్ళీ తెరవమనీ అడగడం లేదు. ఆ జాగా విలువ ఎంతో, దాని మీద ఎవరి కన్నుందో మాకు తెలుసు.

మా అడుగు ఒకటే. ఆ హాలు చరిత్ర రాసేవాళ్ళు ‘అందరం’ అని తేలిగ్గా రాయొద్దు. ఎవరెక్కడ కూచున్నారో రాయాలి. ఎవరు ఎప్పుడు లేచి వెళ్ళిపోయారో, ఎందుకు మళ్ళీ రాలేదో రాయాలి. సినిమా విమర్శ రాసే మిత్రులు ఒక సన్నివేశం బాగుందో లేదో చెప్పడంతో ఆగకుండా, ఆ సన్నివేశానికి హాల్లో ఎవరు చప్పట్లు కొట్టారు, ఎవరి చేతులు ఒళ్ళో ఉండిపోయాయి అని కూడా అడగాలి. తెలంగాణ సినిమా చరిత్ర అని పుస్తకాలు వేసేవాళ్ళు పెయింటర్ల పేర్లు, ఆపరేటర్ల పేర్లు, గేటుకీపర్ల పేర్లు అందులో చేర్చాలి. అందులో సగం పేర్లు ఉర్దూవే ఉంటాయి, భయపడనక్కర లేదు.

ఈ పని ముందు చెయ్యాల్సింది మేమే. కడ్డీలు సర్దిన చాచాలకు ఎనభై ఏళ్ళు దాటుతున్నాయి. ‘నికాహ్’ చూసొచ్చి నల్లా దగ్గర వాదించిన ఖాలాలలో సగం మందే మిగిలారు. కాగితమూ కలమూ పట్టుకుని, వీలైతే ఒక టేపు పట్టుకుని, వాళ్ళ దగ్గర కూచోవాలి. టాకీసు ఎప్పుడు మూతబడిందని వాళ్ళను అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో సంవత్సరం చెబుతారు. ఆ సంవత్సరాలన్నీ రాసిపెట్టాలి.